దుబాయ్ ఫ్యామిలీ వీసాకి అరబిక్ అనువాదం ఇక్కడ చేయించాలా, అక్కడ చేయించాలా?

తమ్ముడూ, ఒకే పోస్టులో రెండు సంగతులు అడిగావు, విడివిడిగా చెప్తాను. ఒకటి, దుబాయ్‌లో ఉన్న మీ అన్న మీ వదినని ఫ్యామిలీ వీసా మీద తీసుకెళ్లాలనుకుంటున్నాడు, జగిత్యాలలో ఏజెంటు మ్యారేజ్ సర్టిఫికెట్‌కి "సర్టిఫైడ్ అరబిక్ ట్రాన్స్‌లేషన్" ఇక్కడే చేయించుకోవాలని ఏడు వేలు అడుగుతున్నాడు, ఇవ్వాలా వద్దా అని. రెండోది మీ బాబాయ్ సౌదీ నుంచి తెచ్చుకున్న అరబిక్ కాగితాలు, కోర్టు తీర్పు అంటున్నాడు, వాటిని ఎవరితో అనువాదం చేయిస్తే చెల్లుతుంది అని. నేను షార్జాలో లీగల్ ట్రాన్స్‌లేషన్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాను, ఇప్పుడు హైదరాబాద్‌లో అరబిక్-ఇంగ్లీషు పనే చేసుకుంటున్నాను, కాబట్టి ఇది నేను రోజూ చూసే వ్యవహారమే.

మొదటిదానికి సూటిగా చెప్తే, ఆ ఏడు వేలు ఇవ్వొద్దు. ఏజెంటు మోసగాడని అనడం లేదు. నిజంగానే ఎవరో అరబిక్ వచ్చినాయనతో రాయించి, లెటర్‌హెడ్ మీద గుండ్రటి స్టాంపు కొట్టించి, నోటరీ చేయించి తెచ్చిస్తాడు, అనువాదం బాగానే ఉండొచ్చు కూడా. కానీ దుబాయ్ కౌంటర్ దగ్గర అది పనికిరాదు. యూఏఈలో లీగల్ ట్రాన్స్‌లేటర్ అంటే అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సు ఇచ్చిన మనిషి, ఏ భాష నుంచి ఏ భాషకి అన్నది కూడా ఆ లైసెన్సులోనే ఉంటుంది, 2012లో ఈ వృత్తి కోసమే ఒక ఫెడరల్ చట్టం చేశారు. ఆ మనిషి సంతకం, లైసెన్సు వివరాలున్న ముద్ర ఉంటేనే అక్కడి కోర్టులు, సర్కారు ఆఫీసులు లెక్కలోకి తీసుకుంటాయి. హైదరాబాద్‌లో అరబిక్ వచ్చినవాళ్లకి కరువేమీ లేదు, దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ 1888 నుంచి అరబిక్ గ్రంథాలు అచ్చేస్తోంది, ఉస్మానియాలో, ఇఫ్లూలో అరబిక్ విభాగాలున్నాయి, బార్కస్‌లో నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ వైపు నుంచి వచ్చినవాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఉన్నారు. ఎంత పండితుడైనా సరే, ఆ లైసెన్సు లేకపోతే ఆ కౌంటర్ దగ్గర అతని సంతకానికి విలువ లేదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మన దేశంలో అనువాదకులకి సర్కారు లైసెన్సు ఇచ్చే పద్ధతే లేదు. ఇక్కడ "సర్టిఫైడ్" అని బోర్డు పెట్టుకున్నవాళ్లంతా తమకు తామే సర్టిఫై చేసుకున్నవాళ్లు, నాతో సహా. నోటరీ ముద్ర పడింది కదా అంటారు. నోటరీకి అరబిక్ రాదు, ఈ సంతకం ఫలానావాడు నా ముందు పెట్టాడు అన్నంతవరకే ఆయన పూచీ. కాబట్టి "ఇది సర్టిఫైడేనా?" అని ఏజెంటుని అడిగితే వాడు అవుననే అంటాడు, అది అబద్ధం కూడా కాదు. అడగాల్సింది కాగితం తీసుకునే ఆఫీసుని, "మీరు ఎవరి ముద్ర ఒప్పుకుంటారు?" అని. ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది డబ్బు మిగిలేది.

ఇక వరస. ఇది తలకిందులు చేసుకున్నవాళ్లే ఎక్కువ. అనువాదం అన్నిటికంటే చివర్లో చేయించాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ మీద ముందు రాష్ట్ర స్థాయి అటెస్టేషన్ (కాగితం అసలైనదేనని సర్కారు వేసే ముద్ర), తరువాత ఢిల్లీ విదేశాంగ శాఖ ముద్ర (దీనికోసం ఢిల్లీ వెళ్లనక్కరలేదు, 2019 నుంచి హైదరాబాద్ బ్రాంచ్ సెక్రటేరియట్‌లో కూడా చేస్తున్నారు, కాకపోతే నేరుగా కాకుండా వాళ్లు నియమించిన ఏజెన్సీ ద్వారా ఇవ్వాలి), ఆ తరువాత యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర. కాగితం దుబాయ్ చేరాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, దానికి 150 దిర్హమ్‌లు. ఇవన్నీ పడ్డాక అప్పుడు అరబిక్‌లోకి. ఎందుకంటే ఆ ముద్రలు కూడా కాగితంలో భాగమే, వెనకవైపున్న స్టాంపు, పక్కన అతికించిన స్టిక్కర్, దాని నంబరు, సంతకం పెట్టిన ఆఫీసరు హోదా అన్నీ అనువాదంలోకి రావాలి. ముందే చేయించేసిన అనువాదంలో అవేవీ ఉండవు, అక్కడ మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాల్సిందే. ఒక మ్యారేజ్ సర్టిఫికెట్‌కి దుబాయ్‌లో మామూలుగా అయ్యే అనువాదం ఖర్చు మీ ఏజెంటు అడిగినదానిలో చిన్న భాగం, మీ అన్న పని నుంచి వస్తూ వస్తూ ఇచ్చేస్తే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో చేతికొస్తుంది.

గల్ఫ్ అంతా ఒకే రూలు అనుకోకు. యూఏఈ, ఖతర్, కువైట్‌కి నేను పైన చెప్పినట్టు ఎంబసీ ముద్ర దాకా వెళ్లాలి. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అపోస్టిల్ ఒప్పందంలో (ఒక సభ్య దేశం వేసిన ఒక్క ముద్రనే మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే ఏర్పాటు) ఉన్నాయి, మన దేశం 2005లోనే చేరింది, సౌదీకి 2022 డిసెంబర్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే సౌదీకి ఇప్పుడు మన విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్ చాలు, ఎంబసీ దగ్గర లైను అక్కరలేదు. పాత అలవాటుకొద్దీ సౌదీ కాగితాలకి కూడా ఎంబసీ ఫీజు అని వసూలు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, జాగ్రత్త.

మీ వదిన సర్టిఫికెట్ ఏ భాషలో ఉందో రాయలేదు నువ్వు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వస్తే గొడవ లేదు. ఒకవేళ మొత్తం తెలుగులోనే ఉంటే ముందు ఇంగ్లీషు కాపీ తెచ్చుకోండి, ఎందుకంటే తెలుగు-అరబిక్ జతకి లైసెన్సున్నవాళ్లు అక్కడ దొరకడం చాలా కష్టం, తెలుగు నుంచి ఇంగ్లీషు, ఇంగ్లీషు నుంచి అరబిక్ అని రెండు మెట్లు ఎక్కాల్సి వస్తుంది, ప్రతి మెట్టు దగ్గరా పేరు కొంచెం అరుగుతుంది. హైదరాబాద్ ముస్లిం కుటుంబాలకైతే ఖాజీ ఇచ్చే నిఖానామా ఉర్దూలో ఉంటుంది, వాళ్లు నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లీషు మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకుని దాన్నే అటెస్ట్ చేయిస్తారు, అది సుఖం.

పేరు దగ్గర కాస్త ఆగుదాం, మన తెలుగువాళ్ల కాగితాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అరబిక్‌లో "ప" లేదు, "చ" లేదు, మన "ట", "డ" లేవు, పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. పద్మ "బద్మా" అవుతుంది, పోశెట్టి "బోషెత్తి" అవుతాడు, అది ఎవరూ ఆపలేరు. అసలు చిక్కు ఏంటంటే ఒకే పేరుని ఇద్దరు అనువాదకులు రెండు రకాలుగా రాస్తారు, ఇద్దరిదీ తప్పు కాదు. గంగాధర్ అనే పేరుని ఈజిప్టు ఆయన "జీమ్" అక్షరంతో రాస్తాడు, వాళ్ల ఊళ్లో దాన్ని "గ" అనే పలుకుతారు. అదే కాగితాన్ని వేరే దేశం గుమస్తా చదివితే "జాంజాధార్" అవుతుంది. ఇంకొకాయన "గైన్" అక్షరంతో రాస్తాడు, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తెస్తే "ఘాంఘాదార్". మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఎమిరేట్స్ ఐడీలో ఒకలా ఉంటే కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఇద్దరు మనుషులు. లక్ష్మి అనే పేరు చూడు, పాస్‌పోర్టులో ఎక్స్ అక్షరంతో ఉంటే అరబిక్‌లో "లాక్సమీ", కె-ఎస్-హెచ్‌తో ఉంటే "లాక్‌షమీ". తెలుగులో ఒకే పేరు, అక్కడ రెండు.

దీనికి మందు చాలా తేలిక, అయినా వందలో పది మంది కూడా చేయరు. మీ అన్న ఎమిరేట్స్ ఐడీ మీద అతని పేరు అరబిక్‌లో అచ్చయి ఉంటుంది. అనువాదానికి ఇచ్చేటప్పుడు ఆ ఐడీ కాపీ కూడా ఇచ్చి, "భర్త పేరు దీంట్లో ఉన్నట్టే రాయండి" అని చెప్పాలి. ఇప్పటికే అక్కడి సర్కారు రికార్డులో ఎక్కిన స్పెల్లింగే రాజు, అది వికారంగా ఉన్నా సరే. మీ వదినకి ఇంకా ఐడీ లేదు కాబట్టి ఆమె పాస్‌పోర్టు కాపీ ఇవ్వాలి, ఎంట్రీ పర్మిట్ అప్లికేషన్‌లో అరబిక్ పేరు ఎలా టైపు చేశారో దానితో కలుస్తోందో లేదో చూసుకోవాలి.

ఇంకోటి, సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉండటం మనకి మామూలే. దీన్ని అనువాదంలో సర్దేయమని అడగొద్దు. లైసెన్సున్నవాడు కాగితంలో ఉన్నది ఉన్నట్టే రాస్తాడు, ఒక అక్షరం కూడా "సరిచేయడు", చేస్తే అతని లైసెన్సుకే ఎసరు. "ఏముందన్నా, చిన్న అక్షరమే కదా" అని నన్ను బతిమాలినవాళ్లు ఎంతమందో. తేడా ఉంటే ఇక్కడే, సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసులోనే దిద్దించాలి, లేదంటే రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించి దాన్ని కూడా అటెస్ట్ చేయించి పంపాలి. స్టాంపుల పని మొదలుపెట్టక ముందే ఈ పని ముగించుకోండి, తరువాత దిద్దిస్తే స్టాంపులన్నీ మళ్లీ మొదటికి.

అరబిక్ రాకపోయినా అనువాదాన్ని నువ్వే కొంత పరీక్ష చేయొచ్చు, ముద్ర వేయకముందు డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపమని అడుగు, మంచి ఆఫీసు ఏదైనా పంపుతుంది. ముందు అంకెలు చూడు. అరబిక్ కాగితాల్లో రెండు రకాల అంకెలు వాడతారు, మనం వాడేవి ఒకటి, వాళ్ల పాతవి ఇంకొకటి. పాతవాటిలో సున్నా అంటే చిన్న చుక్క, అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, ఆరు మన 7లా కనపడుతుంది, ఏడుకి కోణం పైకి తెరుచుకుని ఉంటుంది, ఎనిమిదికి కిందికి. ఈ అయిదు ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలావరకు పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు నువ్వే సరిచూడొచ్చు. అక్షరాలు కుడి నుంచి ఎడమకి వెళ్లినా సంఖ్యని మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే చదవాలి.

గీత ఉన్న నంబర్లు ఇంకా ప్రమాదం. సర్టిఫికెట్ నంబరు 412/2018 అనుకో, కుడి నుంచి ఎడమకి రాసే ఫైల్లో అతికించగానే కంప్యూటర్ ఒక్కోసారి దాన్ని 2018/412 అని తిప్పేస్తుంది. ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే పాస్‌పోర్టు నంబరులో కూడా ఒక్కోసారి అక్షరం అటు చివరికి వెళ్లిపోతుంది. టైపు చేసినవాడికి స్క్రీన్ మీద సరిగానే ఉంటుంది, పీడీఎఫ్ చేశాకో ప్రింటు తీశాకో తిరగబడుతుంది. 05/06 లాంటి తేదీ జూన్ అయిదా, మే ఆరా అన్న గొడవ కూడా ఇందులోంచే పుడుతుంది, అందుకే నేను నెలని ఎప్పుడూ పేరుతోనే రాస్తాను.

ఫోన్‌లో ఫొటో తీసి మెషీన్ అనువాదంతో వెనక్కి చదువుకోవడం తప్పేమీ కాదు, పేజీలో ఒక పేరా మొత్తం మిస్సయిందా అన్నది దాంతో తెలిసిపోతుంది. కానీ మెషీన్‌తో చేసేసి చూడకుండా ముద్ర కొట్టే ఆఫీసులు కూడా ఉన్నాయి. మన కాగితాల్లో తండ్రి పేరు ముందు "లేట్" అని ఉంటుంది కదా, మెషీన్ దాన్ని ఆలస్యంగా వచ్చిన మనిషి అని చేసేస్తుంది. మండలం, తహసీల్దార్, హౌస్ నంబరు, "వైఫ్ ఆఫ్" అని పొట్టిగా రాసే అక్షరాలు, ఇవన్నీ చూస్తే చేసింది మనిషో కాదో చెప్పొచ్చు.

ఇప్పుడు మీ బాబాయ్ సంగతి. ముందుగా, ఆ కాగితాల పూర్తి అనువాదానికి డబ్బు పెట్టకు. అరబిక్ చదవగలిగినవాళ్లకి చూపించి అసలు అవి ఏం కాగితాలో తెలుసుకో. సౌదీ నుంచి వచ్చినవాళ్లు "కోర్టు తీర్పు" అని తెచ్చేవాటిలో మూడు రకాలు చూస్తుంటాను. నిజంగానే లేబర్ కోర్టు తీర్పు కావచ్చు. ఇద్దరూ ఒప్పుకున్నట్టు రాసుకున్న రాజీ పత్రం కావచ్చు, దాన్ని సుల్హ్ అంటారు. లేదా ముఖాలసా కావచ్చు, అంటే "నాకు రావలసినదంతా ముట్టింది, కంపెనీ మీద ఇక ఏ దావా లేదు" అని పనివాడు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం. ఈ మూడోదాన్ని తీర్పు అనుకుని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని తెచ్చినవాళ్లు ఉన్నారు. ఎగ్జిట్ (సౌదీ వదిలి వెళ్లే అనుమతి) కొట్టే రోజున నాలుగు కాగితాలు ముందు పెట్టి సంతకం చెయ్యమంటారు, విమానం టైము దగ్గర పడుతుంది, ఏముందో చదివి చెప్పేవాడు పక్కన ఉండడు.

ఇంగ్లీషు కాపీలో ఒకటి, అరబిక్‌లో ఒకటి ఉంటే ఏది చెల్లుతుందని అడుగుతారు. సౌదీ కార్మిక చట్టం 9వ అధికరణం ప్రకారం అరబిక్‌దే చెల్లుతుంది. యూఏఈలో 2016 నుంచి జాబ్ ఆఫర్ లెటర్‌ని పనివాడికి అర్థమయ్యే భాషలో చూపించాలని రూలు పెట్టారు, మొదట పెట్టిన 11 భాషల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఉన్నాయి, మన తెలుగు లేదు. గల్ఫ్‌లో మనవాళ్లు ఇంతమంది ఉండి కూడా! అబుదాబి కోర్టులు 2019లో హిందీని మూడో భాషగా తీసుకొచ్చాయి, హిందీ చదవగలిగినవాళ్లకి అది కొంత మేలు.

బాబాయ్‌ది నిజంగా తీర్పే అయితే, అనువాదం దేనికి అన్నది ఆలోచించు. డబ్బు రావలసింది సౌదీ కంపెనీ నుంచి, అమలు చేయించాల్సింది సౌదీలో, అక్కడ ఆ అరబిక్ కాగితమే సరిపోతుంది. ఆయనకి కావలసింది అనువాదం కాదు, అక్కడ తన తరఫున నిలబడే మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ. అది ఇక్కడ ఇంగ్లీషులో రాయించి, నోటరీ చేయించి, అపోస్టిల్ వేయించి పంపితే సౌదీలో లైసెన్సున్న అనువాద ఆఫీసులో అరబిక్ చేయిస్తారు. పవర్‌లో "కేసు చూసుకునే అధికారం" అని గుండుగుత్తగా రాస్తే చాలదు, డబ్బు తీసుకునే అధికారం, రాజీ పడే అధికారం, హక్కు వదులుకునే అధికారం అని దేనికది విడిగా రాయాలి, ఏది ఇవ్వదలచుకోలేదో అది రాయకుండా వదిలేయాలి. హక్కు వదులుకోవడాన్ని అక్కడ తనాజుల్ అంటారు, ఆ అధికారం మాత్రం బాగా నమ్మకస్తుడికి తప్ప ఇవ్వొద్దు.

తీర్పులో లెక్క కూడా సరిచూసుకోండి. సౌదీలో పని ముగిశాక ఇచ్చే సర్వీసు డబ్బులు మొదటి అయిదేళ్లకి ఏడాదికి సగం నెల జీతం, ఆ తరువాత ప్రతి ఏడాదికి పూర్తి నెల జీతం చొప్పున వస్తాయి. తనంతట తాను మానేస్తే రెండు నుంచి అయిదేళ్ల సర్వీసుకి అందులో మూడో వంతు, అయిదు నుంచి పదేళ్లకి మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే మొత్తం. తేదీలు హిజ్రీలో (ఇస్లామిక్ చంద్రమాన క్యాలెండర్‌లో) ఉండొచ్చు, వాళ్ల ఏడాది మనదానికంటే ఇంచుమించు 11 రోజులు తక్కువ. 1446 ముహర్రం 1 అంటే 2024 జులై 7, అక్కడి నుంచి లెక్కపెట్టుకో, లేదా ఆన్‌లైన్లో ఉమ్ అల్ ఖురా క్యాలెండర్ చూసుకో, సౌదీ సర్కారు వాడే హిజ్రీ క్యాలెండర్ అదే. సొంత లెక్కతో హిజ్రీ ఏడాదికి 579 కలిపేసి ఇంగ్లీషు సంవత్సరం రాసేసే అనువాదాలు చూశాను, ఒక్కోసారి ఏడాదే మారిపోతుంది.

ఆ కాగితం ఇక్కడే, అంటే మన కోర్టులోనో ఇన్సూరెన్సుకో బ్యాంకుకో కావాలంటే అప్పుడు అనువాదం అవసరం. అప్పుడు పైన చెప్పిన ఇండియా పద్ధతి, అనువాదకుడి పేరు, అర్హత, "ఇది పూర్తిగా, నిజంగా చేసిన అనువాదం" అన్న మాట, సంతకం, దానికి నోటరీ అఫిడవిట్. పేజీ పేజీకి అరబిక్ కాపీ పక్కన జతచేయాలి. యూఏఈలో బ్యాంకు అప్పు ఎగ్గొట్టి వచ్చినవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి, 2020 జనవరి 17 నుంచి యూఏఈ సివిల్ కోర్టుల డిక్రీలు మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకునే వీలు వచ్చింది, అరబిక్ తీర్పు, దాని ఇంగ్లీషు అనువాదంతో నోటీసు వస్తే "నాకు అరబిక్ రాదు" అని పక్కన పడేయకండి, ఒరిజినల్‌తో పోల్చి చూపించుకోండి.

మీ వైపు ఊళ్లలో ఎక్కువగా అవసరం పడేది కాబట్టి ఇదీ రాస్తున్నాను. గల్ఫ్‌లో ఎవరైనా ప్రమాదంలోనో అనుమానాస్పదంగానో చనిపోతే శవాన్ని పంపడానికి మన ఎంబసీ పోలీసు రిపోర్టుని ఇంగ్లీషు అనువాదంతో అడుగుతుంది. ఆ అనువాదం అక్కడే చేయిస్తారు, కంపెనీవాళ్లో తోటివాళ్లో చూసుకుంటారు, కుటుంబం డబ్బు పంపనక్కరలేదు సాధారణంగా. కానీ ఆ అరబిక్ రిపోర్టు కాపీ ఒకటి తప్పకుండా తెప్పించుకోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నవాళ్లకి ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తాయి, చావుకి కారణం ఏమని రాశారన్న దాని మీదే అది ఆధారపడి ఉంటుంది. గుండె ఆగిపోవడం అని ఒక కాగితంలో, పైనుంచి పడటం అని ఇంకో కాగితంలో ఉంటే అనువాదంలో వచ్చిన తేడానా, అసలులోనే ఉన్న తేడానా అని చూడటానికి అరబిక్ కాపీ చేతిలో ఉండాలి. ఎవరూ స్పందించకపోతే మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

మీ అన్న ముందు ముందు కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా అంటాడేమో, దుబాయ్ పోలీస్ క్లియరెన్స్ కావాలి అప్పుడు. అమెరికా ఇమిగ్రేషన్‌కి లైసెన్సు అడగరు, అనువాదకుడు తనకి రెండు భాషలూ వచ్చని, అనువాదం పూర్తిగా సరైనదని రాసి సంతకం పెడితే చాలు. కెనడాకి ఇంట్లోవాళ్లు చేసినది పనికిరాదు. ఆస్ట్రేలియాలో చేయిస్తే నాటీ (అక్కడి అనువాదకులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపున్నవాళ్లే చేయాలి. దుబాయ్ లైసెన్సున్న అనువాదకుడి ముద్రే కావాలని అక్కడ ఎవరూ అడగరు.

బాబాయ్ కాగితాల మొదటి పేజీ, చివరి పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టు, పేరు, ఇకామా (సౌదీ నివాస అనుమతి) నంబరు, కంపెనీ పేరు కనపడకుండా కాగితం ముక్క అడ్డం పెట్టి తియ్యి. తీర్పో, రాజీయో, ముఖాలసానో చెప్తాను. తేదీలు మాత్రం మూయకు, తీర్పు కాపీ తీసుకోవడానికి పెట్టిన తేదీ నుంచి అప్పీలుకి 30 రోజులే గడువు. ఒకవేళ తీర్పే కాకపోయి, అసలు కేసే వేయకపోయి ఉంటే, పని మానేసిన రోజు నుంచి 12 నెలల్లోపు వేయాలి, కాబట్టి ఆయన ఎగ్జిట్ ఎప్పుడు పడిందో కూడా అడిగి రాయి.